మీదికొచ్చే కుక్కలు: కారణం గుర్తించడం, మందను కాపాడుకోవడం, కరిస్తే చేయాల్సిన పనులు

నా ఫోనుకు ఎక్కువగా పత్తిలో గులాబీ రంగు పురుగు గురించి, మిరపలో తామర పురుగు గురించి కాల్స్ వస్తాయి. కానీ వానకాలం పంట చేతికొచ్చే రోజుల నుంచి ఎండాకాలం మొదలయ్యే దాకా ఇంకో రకం కాల్స్ కూడా కలుస్తాయి. "సార్, రాత్రి మంద మీద కుక్కలు పడ్డయి." "బర్రెను కుక్క కరిచింది, పాలు పోయొచ్చా?" "మా కుక్క మా మనవడినే కరిచింది, దీన్ని ఏం చెయ్యాలె?" జనగామ వైపు గొర్రెల కాపరులు, మహబూబాబాద్ తండాల వాళ్లు, భూపాలపల్లి అడవి పక్క ఊళ్ల వాళ్లు అడిగేవి ఇంచుమించు ఇవే.

నేను పశువైద్యుణ్ణి కాను, వ్యవసాయం చదివినవాణ్ణి. విస్తరణ పనిలో ఇన్నేళ్లు పశువైద్యులతో, ఆరోగ్య సిబ్బందితో కలిసి ఊళ్లు తిరిగి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. కరిచే కుక్కలన్నీ ఒకటి కావు. భయంతోనో, పిల్లల కోసమో, తిండి కోసమో కరిచే కుక్క వేరు, రేబిస్ వచ్చిన కుక్క వేరు. మొదటి రకాన్ని మనం చాలావరకు తగ్గించుకోవచ్చు. రెండో దానికి ముందుగా టీకా వేయించడం తప్ప దారి లేదు. కాటు పడ్డాక మాత్రం ఏ కుక్క అని తేల్చుకుంటూ కూర్చోకూడదు. రెండింటికీ చేయాల్సింది ఒకటే, అది కింద వివరంగా ఉంది.

చిత్తకార్తె నుంచి సంక్రాంతి దాకా

"చిత్తకార్తె కుక్క" అని మనం తిట్టుకు వాడుకుంటాం. అందులో పెద్దల పరిశీలన ఉంది. చిత్తకార్తె అక్టోబరు రెండో వారంలో మొదలై నాలుగో వారం దాకా ఉంటుంది. వానలు తగ్గే ఈ రోజుల్లో మన ఊరి కుక్కలు ఎక్కువగా ఎదకొస్తాయి. ఒక ఆడకుక్క వెనక ఆరేడు మగకుక్కలు తిరుగుతాయి, ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. ఆ గుంపు మధ్య నుంచి బండి మీద పోయినా, మీ పెంపుడు కుక్కను వెంట తీసుకుపోయినా ప్రమాదమే. ఆ సమయంలో వాటికి మనిషి మీద పగేమీ ఉండదు. కొట్లాట వేడిలో ఎదురొచ్చినదాన్ని పట్టుకుంటాయి, అంతే.

కుక్క సుమారు 63 రోజులు కడుపుతో ఉంటుంది. లెక్క వేస్తే డిసెంబరు, జనవరి నెలల్లో ఈనుతుంది. సరిగ్గా మనకు పత్తి కట్టె పీకే రోజులు, మిరప కోతలు మొదలయ్యే రోజులు. తల్లికుక్క గడ్డివాము కిందనో, పత్తి కట్టె కుప్పలోనో, బావి దగ్గర మోటారు గదిలోనో పిల్లలు పెడుతుంది. ఆ సంగతి తెలియక కట్టె మోపు లాగబోయిన కూలీ చేతిని కరుస్తుంది. నిన్నటిదాకా చెయ్యి నాకిన కుక్కే. పిల్లలు పాలు మానేదాకా, అంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు, దాన్ని కదిలించకండి. తప్పనిసరిగా మార్చాల్సి వస్తే అది రోజూ తిండి తినే చేతుల వాళ్లే, అది పక్కకు పోయినప్పుడు పిల్లలను దగ్గర్లోనే ఇంకో నీడ చోటుకు మార్చాలి. కూలీలకు ముందే చెప్పండి. పిల్లలను కుక్కపిల్లలతో ఆడుకోవడానికి పంపకండి.

ఇంకో సంగతి ఉంది. చిత్తకార్తె కొట్లాటల్లో ఒక్క కుక్కకు రేబిస్ ఉన్నా అది కరిచిన కుక్కలకు అంటుతుంది. కానీ వాటిలో జబ్బు వెంటనే కనిపించదు. కొన్ని వారాలకు, ఒక్కోసారి కొన్ని నెలలకు బయటపడుతుంది. అందుకే "మా ఊళ్లో పిచ్చికుక్క లేదు" అని ధీమాగా ఉండొద్దు.

కుక్క మీదికి ఎందుకొస్తుంది

ఊళ్లో నేను చూసిన కాట్లలో ఎక్కువవి భయంతో జరిగినవే. మూలకు నెట్టి కట్టెతో కొట్టబోతే తప్పించుకునే దారి లేని కుక్క కరుస్తుంది. చిన్నప్పుడు రాళ్ల దెబ్బలు తిన్న కుక్క చెయ్యి పైకి లేపితే చాలు పళ్లు చూపిస్తుంది. తర్వాతది హద్దు. మన వాకిలి, మన కొట్టం, మన చేను తనవే అనుకుంటుంది. రాత్రి వచ్చే కొత్త మనిషిని, బండిని తరుముతుంది. బండి వేగంగా పారిపోతుంటే తానే తరిమేశానని దానికి ధైర్యం పెరుగుతుంది, రోజూ అదే చేస్తుంది. తింటున్నప్పుడు గిన్నె దగ్గరికి పోయిన చిన్నపిల్లలు కాటు తినేది మూడో కారణం.

నొప్పిని మనం పట్టించుకోం. చెవి లోపల పుండు, పిడుదులు, మెడకు గొలుసు కోసుకుపోయిన గాయం, పుండులో పురుగులు. ఇలాంటి కుక్కను ప్రేమగా నిమిరినా కరుస్తుంది. మంచి కుక్క ఉన్నట్టుండి చిరాకుగా మారితే ముందు ఒళ్లంతా దూరం నుంచే గమనించి పశువైద్యుడికి చూపించండి. గొలుసు గురించి కూడా ఇక్కడే చెబుతాను. పొద్దంతా రెండు గజాల గొలుసుతో కట్టేసిన కుక్క కాపలా బాగా కాస్తుందనుకుంటాం. నిజానికి అది పారిపోలేదు కాబట్టి ప్రతి కదలికనూ ప్రమాదంగానే చూస్తుంది. పొరపాటున గొలుసు తెగితే ఎదురొచ్చిన మొదటి మనిషి మీద పడుతుంది.

పైవన్నీ ముందు గుర్రుమని, పళ్లు చూపి, వెంట్రుకలు నిక్కబెట్టి హెచ్చరించే కోపాలు. గొర్రెలను, పరుగెత్తే పిల్లలను వేటాడే కుక్క మాత్రం హెచ్చరించదు. మొరగకుండా, తల దించి, చూపు ఒకేచోట నిలిపి వస్తుంది. ఒకటి మొదలుపెడితే గుంపంతా కలుస్తుంది. 2023 మే నెలలో కాజీపేట రైల్వే క్వార్టర్ల దగ్గర పార్కులో ఆడుకుంటున్న బాలుడు వీధికుక్కల దాడిలో చనిపోయాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ణి గుంపు చంపింది. చిన్నపిల్లలను పొద్దుగూకిన తర్వాత ఒంటరిగా చేను దారిలో పంపొద్దని నేను ప్రతి రైతువేదిక సమావేశంలో చెప్పడానికి కారణం ఇదే.

తోక ఊపితే మచ్చికైన కుక్క అనుకోకండి. ఒళ్లంతా వదులుగా ఉండి నడుముతో సహా ఊపుతుంటే స్నేహం. తోక పైకి నిలబెట్టి, బిగుసుకుపోయి, చిన్నగా గట్టిగా ఊపుతుంటే దూరంగా ఉండండి. గుర్రుమన్నందుకు మీ కుక్కను కొట్టొద్దు. అది హెచ్చరిక. కొట్టి కొట్టి ఆ హెచ్చరిక మాన్పిస్తే రేపు చెప్పకుండానే కరుస్తుంది.

ఎదురుపడినప్పుడు

పరుగెత్తొద్దు. కుక్కతో పోటీపడి గెలవలేం, పరుగు దానికి పిలుపు. ఆగి, పక్కకు తిరిగి నిలబడండి. కళ్లలోకి చూడొద్దు, చేతులు ఒంటికి ఆనించుకోండి, మెల్లగా వెనక్కి జరగండి. వంగి రాయి తీసినట్టు చేస్తే ఊరకుక్కలు చాలావరకు ఆగుతాయి, వాటికి రాయి అనుభవం ఉంది కాబట్టి. కానీ పిల్లల తల్లి దగ్గర, గుంపు దగ్గర ఈ ఉపాయం ఎదురు తిరుగుతుంది. చేతిలో సంచి, గొడుగు, పార ఏదుంటే అది మీకూ దానికీ మధ్య పెట్టండి. బండి మీద ఉంటే వేగం తగ్గించండి, కాళ్లు పైకెత్తి బ్యాలెన్సు పోగొట్టుకొని పడి చెయ్యి విరిగిన వాళ్లు కాటు తిన్న వాళ్లకంటే తక్కువేమీ లేరు. కింద పడిపోతే ముడుచుకొని, పిడికిళ్లతో చెవులు, మెడ కప్పుకోవాలి. ఇది పిల్లలకు ఆటలా నేర్పండి.

మందను కాపాడుకోవడం

2017లో గొర్రెల పంపిణీ పథకం వచ్చాక ఒక్కో యూనిట్‌కు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున మన జిల్లాల్లో చాలా ఇళ్లకు జీవాలు వచ్చాయి. జీవాలు పెరిగాయి, దొడ్లు మాత్రం పాతవే. ముళ్లకంపకు కుక్క ఆగదు, కింద సందు చూసుకొని దూరుతుంది. దొడ్డి చుట్టూ కనీసం ఐదు అడుగుల ఎత్తు ఇనుప జాలి కట్టి, జాలి కింది అంచును అడుగు లోతు మట్టిలో పూడ్చండి, లేదా బయటివైపు పరిచి రాళ్లు పెట్టండి. కుక్క తవ్వేది సరిగ్గా కంచె మొదట్లోనే. గొర్రెపిల్లలను రాత్రి వేరే గదిలోనో, బరువు పెట్టిన గంపల కిందనో ఉంచండి. ఎరువు కోసం చేలల్లో మంద కట్టినప్పుడు వల ఒక్కటే చాలదు. మనిషి, లైటు, మందతో పాటే పెరిగిన కుక్క ఉండాలి.

కుక్కలు పడిన రాత్రి చచ్చే గొర్రెలన్నీ కాటుతోనే చావవు. బెదిరి ఒక మూలకు పోయి ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చస్తాయి. సూడివి ఆ తర్వాత వారం పది రోజుల్లో ఈసుకుపోతాయి. తెల్లవారి నిలబడ్డవాటిని బాగున్నాయని వదిలేయకండి. ఒక్కొక్కదాన్నీ పట్టి తొడల వెనక, గొంతు కింద బొచ్చు విడదీసి చూడండి. పైకి చిన్న చిల్లు, లోపల కండ నలిగి ఉంటుంది. గాయం చుట్టూ బొచ్చు కత్తిరించి, సబ్బు నీళ్లతో బాగా కడిగి, పొవిడోన్ అయోడిన్ పూయాలి. చేతులకు తొడుగులు వేసుకోండి, లేకుంటే ప్లాస్టిక్ సంచులైనా చుట్టుకోండి, మీ చేతికి గీరుడు ఉంటే అసలు ముట్టొద్దు. తర్వాత 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

చంపింది ఏదో గుర్తించడం భూపాలపల్లి, మహదేవపూర్, కాటారం వైపు వాళ్లకు, కొత్తగూడ, గంగారం వైపు వాళ్లకు డబ్బుతో ముడిపడిన విషయం. కుక్కలు చాలావాటిని కరిచి, తక్కువ తిని వదిలేస్తాయి. కాట్లు తొడలకు, చెవులకు, అన్ని చోట్లా ఉంటాయి. చిరుతపులి ఎక్కువగా గొంతు పట్టి ఒకదాన్ని లాక్కుపోతుంది. అడుగు జాడలో గోళ్ల గుర్తు ఉంటే కుక్క జాతి, లేకుంటే పిల్లి జాతి. అడవి జంతువు అనిపిస్తే కళేబరాన్ని కదిలించకుండా అటవీ సిబ్బందికి చెప్పండి, వాళ్లిచ్చే పరిహారం అడవి జంతువు చంపినప్పుడే. కుక్కలు చంపితే పశువైద్యుడి పరీక్ష, పంచనామా, ఫొటోలు, చెవిపోగుతో సహా బీమా కంపెనీకి కబురు. ఇవన్నీ పూడ్చకముందే జరగాలి. మీ పాలసీలో ఏ మరణాలకు డబ్బు వస్తుందో ఇవాళే చదివించుకోండి.

చచ్చిన జీవాన్ని ఊరి చివర పారేయడమే చాలాచోట్ల ఈ గొడవకు మొదలు. కోడి మాంసం దుకాణాల వ్యర్థాలు, ఫారాల్లో చచ్చిన కోళ్లు, ఈసుకుపోయిన పిల్ల, మాయ అన్నీ ఒకే వాగు గట్టున పడతాయి. అక్కడ గుంపు తయారవుతుంది. ఒక వారం వ్యర్థాలు రాకపోతే అదే గుంపు మంద వైపు చూస్తుంది. ఆరడుగుల గుంత తీసి సున్నం చల్లి పూడ్చండి. దుకాణాల వాళ్లతో గ్రామసభలోనే మాట్లాడండి, ఒక్కరు చెబితే వినరు.

మీ కుక్కను ఎలా పెంచాలి

కుక్కపిల్లను తల్లి దగ్గర ఎనిమిది వారాలైనా ఉండనివ్వండి. మూడో వారం నుంచి మూడు నెలల లోపు అది ఏం చూస్తే, ఎవరితో తిరిగితే జీవితాంతం వాటికి భయపడదు. ఆ రోజుల్లోనే పిల్లలు, ముసలివాళ్లు, గొర్రెలు, కోళ్లు, ట్రాక్టరు, బండి అన్నీ మెల్లగా అలవాటు చేయాలి. మంద కుక్క కావాలంటే ఈ వయసులోనే గొర్రెపిల్లల మధ్య పడుకోబెట్టండి. పెద్దయ్యాక ఈడ్చుకెళ్లి మంద కాయమంటే కాయదు.

చెవులు, తోక కత్తిరిస్తే రోషం వస్తుందని, పచ్చి మాంసం పెడితే వేట వస్తుందని నమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. చెవి కోస్తే వచ్చేది పుండు, మనిషి చెయ్యి అంటే భయం. ఆ భయమే కాటు అవుతుంది. మంచి కాపలా కుక్కకు కావాల్సింది కడుపునిండా తిండి, నీడ, రాత్రి వదిలేందుకు కంచె ఉన్న వాకిలి, ఒకే మాట మీద నడిపించే యజమాని. చెప్పిన పని చేసినప్పుడు ఒక ముక్క రొట్టె పెట్టండి. తప్పు చేస్తే కట్టె తీయకుండా అక్కడి నుంచి పక్కకు తప్పించండి. ఈ పద్ధతికి కొట్టడం కంటే ఎక్కువ రోజులు పడుతుంది, అయినా నిలుస్తుంది.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో మగకుక్క తిరుగుడు, ఎద కొట్లాటలు బాగా తగ్గుతాయి. భయంతో కరిచే గుణం మాత్రం దానితో పోదు, ఎవరైనా పోతుందని చెబితే నమ్మకండి. అడవి పక్క ఊళ్ల వాళ్లు కుక్కలను వెంటేసుకొని అడవిలోకి పోవడం మానాలి. దుప్పిని తరిమినా అది వన్యప్రాణి చట్టం కింద మీ మీదికే వస్తుంది, పైగా నక్కలు, ముంగిసల నుంచి కూడా రేబిస్ అంటుకోవచ్చు.

టీకా మూడు నెలల వయసులో, తర్వాత పశువైద్యుడు చెప్పిన గడువుకు రెండో డోసు, ఆపైన ఏటా ఒకసారి. ఊళ్లో కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే రేబిస్ ఆ ఊళ్లో వ్యాపించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే వంద కుక్కలున్న ఊళ్లో డెబ్బై. పెంపుడువి మాత్రమే చేస్తే ఈ లెక్క రాదు, వాకిట్లో అన్నం తిని పోయే కుక్కలనూ కలపాలి.

రేబిస్ వచ్చిన కుక్కను గుర్తించడం

గుణం ఉన్నట్టుండి మారుతుంది. మచ్చికది దూరమవుతుంది, దూరంగా ఉండేది మీదికొస్తుంది. రాళ్లు, కట్టెలు, తిరిగే చక్రం ఏది దొరికితే అది కొరుకుతుంది. గమ్యం లేకుండా ఊళ్లు దాటి పరుగెడుతుంది. గొంతు మారుతుంది, దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది. ఇంకో రకం ఉంది, చాలామందికి తెలియదు. ఏ గొడవా చేయకుండా చీకటి మూలలో పడుకొని, కాళ్లు పడిపోయి, మూడు నాలుగు రోజుల్లో చచ్చిపోతుంది. పాపం జబ్బు చేసిందని నోట్లో మందు పోయబోయిన వాళ్లకు అంటుతుంది. "నీళ్లు తాగింది కదా, పిచ్చి కాదు" అనే మాట తప్పు. నీళ్లంటే భయపడడం మనుషుల్లో కనిపించే లక్షణం, రేబిస్ కుక్క నీళ్ల దగ్గరికి పోగలదు. లక్షణాలు పైకి కనిపించడానికి కొన్ని రోజుల ముందే చొంగలో వైరస్ ఉంటుంది. అందుకే బాగున్న కుక్క కరిచిందని కూడా నిర్లక్ష్యం చేయొద్దు.

మనిషిని కరిస్తే

బోరు మోటారు వేయండి. లేదా నల్లా తిప్పండి. కారే నీటి కింద సబ్బు పెట్టి గాయాన్ని 15 నిమిషాలు కడగండి. బట్టల సబ్బైనా సరే. ప్రాణం కాపాడే సగం పని ఇక్కడే జరుగుతుంది. అది మీ చేనులోనే, డాక్టరు లేకుండానే అయిపోతుంది. కారం, పసుపు, సున్నం, ఆకు పసరు ఏదీ పెట్టొద్దు. అవి గాయాన్ని కాల్చి వైరస్‌ను ఇంకా లోపలికి పంపుతాయి. గట్టిగా కట్టు కట్టొద్దు, కుట్లు వేయించుకునే తొందర వద్దు.

ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోండి. టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో కరిచిన రోజు, తర్వాత 3వ, 7వ, 28వ రోజుల్లో డోసులు. కండకు ఇచ్చే పద్ధతిలో 14వ రోజు కూడా ఉంటుంది. రక్తం వచ్చిన కాటైతే, లేదా పుండు మీద కుక్క నాకితే, టీకాతో పాటు గాయంలోకి ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు ఎక్కించాలి. ఇది అన్ని కేంద్రాల్లో ఉండదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లా ఆసుపత్రులకో, వరంగల్ ఎంజీఎంకో పంపితే మొహమాటపడకుండా అదే రోజు వెళ్లండి. ముఖం, తల, మెడ, వేళ్లు కొరికినప్పుడు ఒక్క రాత్రి కూడా ఆగకూడదు. గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు అందరూ ఈ టీకా తీసుకోవచ్చు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అనే భయంతో దాక్కునే పెద్దలు ఇంకా కనిపిస్తున్నారు. ఆ పాత టీకా మన దేశంలో రెండు దశాబ్దాల కిందే ఆగిపోయింది. ఇప్పటివి చేతికి వేసే చిన్న సూదులు. పత్యం కూడా లేదు, వంకాయ, మాంసం మానాల్సిన పని లేదు. కల్లు మండువాలో కూర్చొని మూడో డోసు తేదీ మరిచిపోయినవాళ్లను మాత్రం చూశాను. తేదీలు క్యాలెండరు మీద రాసి ఇంట్లో ఆడవాళ్లకు చెప్పి పెట్టండి. ముందు ఒకసారి పూర్తి కోర్సు తీసుకున్నవాళ్లకు మళ్లీ కరిస్తే సాధారణంగా రెండు డోసులు చాలు, ఆ చీటీ దాచుకోండి.

కరిచిన కుక్కను చంపొద్దు. పెంచినదైతే 10 రోజులు కట్టేసి చూడాలి. పది రోజులు బతికి బాగుంటే కరిచిన నాటికి దాని చొంగలో వైరస్ లేనట్టే, అప్పుడు మిగతా డోసుల సంగతి డాక్టరే చెబుతారు. చంపితే ఆ ఆధారం పోతుంది. కానీ ఆ పది రోజుల కోసం టీకా మొదలుపెట్టకుండా ఆగడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషిని బతికించే చికిత్స లేదు.

పశువును కరిస్తే

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట, మిరప చేను చూడడానికి పోయిన తండాలో ఒక బర్రె మేత ముట్టడం లేదని చూపించారు. నోట్లోంచి చొంగ తీగలా కారుతోంది, గొంతు బొంగురుపోయి అరుస్తోంది. మక్క బెండు గొంతులో అడ్డం పడి ఉంటుందని నేనే అన్నాను. యజమాని మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. ఆయన కొడుకు నాలుక పట్టుకున్నాడు, నేను దవడ పట్టుకున్నాను. ఏమీ దొరకలేదు. మర్నాడు వచ్చిన పశువైద్యుడు దూరంగా నిలబడి అడిగిన మొదటి మాట, "రెండు మూడు నెలల్లో దీన్ని కుక్క ఏమైనా కరిచిందా?" పెద్దవాళ్లు లేదన్నారు. పక్కనున్న చిన్న పాప, "కరిచింది, కాలికి" అంది. బర్రె మూడు రోజుల్లో చనిపోయింది. మేం ముగ్గురం, పాలు పిండే ఆమె, దూడకు నోటితో మందు పోసిన ముసలాయన, అందరం టీకాలు వేయించుకున్నాం. అందరం బాగానే ఉన్నాం. కానీ ఆ 28 రోజులు ఆ ఇంటి వాళ్ల ముఖాలు చూడడం నా వల్ల కాలేదు.

కాబట్టి చొంగ కార్చే, బొంగురుగా అరిచే, మూత్రానికో పేడకో ఊరికే ముక్కే పశువు నోట్లో చెయ్యి పెట్టకండి. గొంతులో అడ్డం పడ్డట్టే కనిపిస్తుంది. వేరుగా కట్టేసి, పిల్లలను దూరం పెట్టి 1962కు చెప్పండి.

కాటు పడ్డ పశువుకు కూడా టీకా ఉంది. గాయం సబ్బుతో కడిగి, కరిచిన రోజు మొదలుకొని 3, 7, 14, 28 రోజుల్లో పశువైద్యుడు వేస్తాడు. జబ్బు లక్షణాలు రాకముందు మొదలుపెడితేనే పనిచేస్తుంది. అనుమానమున్న పశువు పాలు పచ్చివి ఎవరూ తాగొద్దు, డెయిరీకి పోయొద్దు. పొరపాటున కాచిన పాలు తాగినవాళ్లు కంగారు పడక్కర్లేదు, మరిగితే వైరస్ చస్తుంది. చొంగ చేతికి తగిలినవాళ్లు, పచ్చిపాలు తాగినవాళ్లు డాక్టరును కలవాలి. కరిచిన గొర్రెను కోసి మాంసం అమ్మడం గురించి ఇంకా అడుగుతుంటారు. వద్దు. కోసేవాడికి, కడిగే ఆడవాళ్లకు ఉన్న ప్రమాదం ఆ వచ్చే డబ్బుకు సరిపోదు.

ఊరకుక్కల విషయంలో

మందలో పది జీవాలు పోయినవాడి కోపం నాకు అర్థమవుతుంది. అయినా మాంసంలో పురుగుమందు కలిపి పెట్టడం నేరమే కాదు, పిచ్చిపని. ఆ ముక్కను కాకి ఎత్తుకుపోయి బావిలో వేస్తుంది, పక్కవాడి మంద కుక్క తింటుంది, పసిపిల్లలు ముట్టుకుంటారు. 1960 జంతు హింస నివారణ చట్టం, భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ రెండూ వర్తిస్తాయి. 2026 జనవరిలో మన పక్క హనుమకొండ జిల్లాలోనే కుక్కలను గుంపుగా చంపించిన విషయంలో పోలీసు కేసులు నమోదయ్యాయి. పైగా చంపిన చోట తిండి మిగిలే ఉంటుంది, దానికోసం పక్క ఊళ్ల కుక్కలు వస్తాయి, వాటికి టీకా ఉందో లేదో ఎవరికీ తెలియదు.

2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఊరకుక్కలకు ఆపరేషన్, టీకా చేయించే బాధ్యత స్థానిక సంస్థలదే. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఆపరేషన్, టీకా అయిన కుక్కలను పట్టిన చోటే వదలాలని, రేబిస్ ఉన్నవాటిని, అనుమానమున్నవాటిని, దూకుడుగా కరిచేవాటిని మాత్రం తిరిగి వదలొద్దని చెప్పింది. కాబట్టి మీ ఊళ్లో ఫలానా కుక్క పదేపదే కరుస్తుంటే, కరిచిన తేదీలు, కరిపించుకున్నవాళ్ల ఆసుపత్రి చీటీలు జతచేసి పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక నకలు మీద సంతకం తీసుకోండి. నోటిమాట ఫిర్యాదుకు లెక్క ఉండదు. చిన్న పంచాయతీకి ఆపరేషన్ల ఖర్చు ఒక్కసారిగా భారమే, అది నేనూ ఒప్పుకుంటాను. నాలుగైదు పంచాయతీలు కలిసి మండల పశువైద్యుడితో మాట్లాడుకొని, ముందు టీకాలు, తర్వాత ఆపరేషన్లు అని విడతలుగా పెట్టుకోవచ్చు. టీకాల విడత చిత్తకార్తెకు ముందే, సెప్టెంబరులోపు అయితే మంచిది.

ఏటా జులై 6న, జునోసిస్ దినం రోజు పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. 1885లో అదే తేదీన పాశ్చర్ తొలిసారి ఒక తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఈ టీకా వేశాడు. మన దగ్గర అవి విత్తనాల, నాట్ల రోజులు, అందుకే సగం మంది రారు. ఒక ఇంటి నుంచి ఒకరు నాలుగైదిళ్ల కుక్కలను తీసుకెళ్లండి. రెండు కుక్కలను ఒకే తాడుకు కట్టొద్దు. కరిచే అలవాటున్నదైతే మూతికి మెత్తటి గుడ్డ పట్టీ కట్టి, ఊపిరాడుతోందో లేదో చూసి, సూది అవగానే విప్పేయండి. ఇచ్చిన కార్డును పట్టాదారు పాసుపుస్తకంతో పాటు పెట్టుకోండి, రేపు ఎవరినైనా కరిస్తే డాక్టరు మొదట అడిగేది ఆ కార్డే.